భద్రతా తనిఖీ దగ్గర గ్లవ్స్ మార్పించండి: పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. విమానం ఎక్కాలంటే భద్రతా తనిఖీ తప్పదు, తప్పకూడదు కూడా. అది మా ప్రాణాల కోసమేనని తెలుసు కాబట్టే బెల్టు విప్పుతాం, ఫోన్ ట్రేలో పెడతాం, చేతులు చాచి నిలబడతాం. తనిఖీ తగ్గించమని నేను అడగడం లేదు. మమ్మల్ని తడిమే చేతులు శుభ్రంగా ఉండేలా చూడమని అడుగుతున్నాను.

లైన్‌లో నిలబడి కాసేపు గమనిస్తే మీకే అర్థమవుతుంది. తనిఖీ సిబ్బంది ఒకే జత గ్లవ్స్‌తో ఒకరి నడుము తడుముతారు, మరొకరి సాక్సులు నొక్కి చూస్తారు, బూట్లున్న ట్రేను పక్కకు జరుపుతారు. ఆ వెంటనే ఇంకొకరి కాలర్ లోపల వేళ్లు పెడతారు. మధ్యలో అవే గ్లవ్స్‌తో ముఖం తుడుచుకునే వాళ్లూ ఉంటారు. గ్లవ్స్ ఉన్నాయి కదా, ఇంకేం భయం అని చాలామంది అనుకుంటారు. గ్లవ్స్ కాపాడేది వాటిని వేసుకున్నవాళ్ల చర్మాన్ని. ఎదుటి మనిషికి రక్షణ కావాలంటే వాటిని మార్చాలి. ఆస్పత్రుల్లో ఇది ఎప్పుడో తేలిన విషయం. గ్లవ్స్ వాడినంత మాత్రాన చేతులు శుభ్రం చేసుకోవడం మానకూడదని, ఒకే జతతో ఇద్దరు రోగులను ముట్టుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది.

ట్రేల సంగతి కూడా చెప్పాలి. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విమానాశ్రయంలో పరిశోధకులు రకరకాల చోట్ల నమూనాలు తీసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. తనిఖీ ట్రేల నుంచి తీసిన 8 నమూనాల్లో 4 చోట్ల జలుబు, ఫ్లూ లాంటి శ్వాసకోశ వైరస్‌ల జాడ దొరికింది. టాయిలెట్ల నమూనాల్లో ఆ వైరస్‌లు దొరకలేదు. దొరికింది వైరస్ జన్యుపదార్థం మాత్రమే, దానితో జబ్బు తప్పక వస్తుందని కాదు. నమూనాలూ తక్కువే. అయినా టాయిలెట్‌ను గంట గంటకూ కడిగించే యాజమాన్యాలు ట్రేను ఎప్పుడు తుడిపిస్తున్నాయో అడగడానికి ఈ ఆధారం చాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. ఇక్కడ ప్రయాణికుడికి వద్దనే వీలు లేదు. కీమోథెరపీ చేయించుకుంటూ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, మలమూత్రాలు బయటికి పోవడానికి పొట్టకు అమర్చిన స్టోమా సంచి ఉన్నవాళ్లు, ఇన్సులిన్ పంపు పెట్టుకున్నవాళ్లు అదే లైన్‌లో నిలబడతారు. ఒంటి మీద ఇలాంటి సంచి, పంపు ఉన్నవాళ్లను చేత్తో తడమాల్సి రావడం కూడా ఎక్కువే. పసిబిడ్డ పాలసీసా మూత తీసి చూసేదీ ఆ గ్లవ్స్ చేతులే. "దయచేసి కొత్త గ్లవ్స్ వేసుకోండి" అని అడగాలని ఉన్నా, అడిగితే అనుమానిస్తారేమో, విమానం తప్పిపోతుందేమో అనే టెన్షన్‌తో నోరు మెదపరు. అందుకే దీన్ని ప్రయాణికుడు అడిగి తీసుకోవాల్సిన సాయంగా వదిలేయకండి. ఒక మనిషిని తడిమాక, ఇంకో మనిషిని ముట్టుకునే ముందు గ్లవ్స్ మార్చి తీరాలని రాతపూర్వకంగా నిబంధన పెట్టండి. అడిగే హక్కు ఉందని తనిఖీ గేటు దగ్గరే పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించండి.

ఇది భద్రతకు అడ్డం కాదు. పేలుడు పదార్థాల జాడ కోసం చేతుల మీద, బ్యాగుల మీద స్వాబ్ రుద్దుతారు కదా, అక్కడ కూడా ఒకరి నుంచి అంటుకున్నది మరొకరి నమూనాలో కలిస్తే ఫలితం తప్పే ప్రమాదం ఉంది. శుభ్రమైన గ్లవ్స్ ఆ పనికీ అవసరమే.

తప్పంతా తనిఖీ సిబ్బందిదే అని నేను అనను. షిఫ్టు మొత్తం వందల మందిని ముట్టుకునేది వాళ్లే, జబ్బు ముందుగా అంటేదీ వాళ్లకే. పక్కన గ్లవ్స్ డబ్బా ఖాళీగా ఉంటే, వెనక లైన్ పెరిగిపోతోందని పైఅధికారి తొందర పెడుతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ప్రతి లేన్ దగ్గరా సరిపడా గ్లవ్స్, శానిటైజర్ ఉంచాలి. శానిటైజర్‌తో చేతులు రుద్దుకోవడానికి పట్టేది 20 నుంచి 30 సెకన్లు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు కాబట్టి సబ్బు, నీళ్లు ఉన్న సింక్ కూడా దగ్గర్లో ఉండాలి. వెళ్లి కడుక్కుని రావడానికి విరామం ఇవ్వాలి, ఆ కాసేపు లేన్ చూసుకోవడానికి మరో మనిషి ఉండాలి. దీనికి ఖర్చవుతుంది. స్కానర్ల మీద పెట్టే ఖర్చు ముందు అది చాలా చిన్నది.

ట్రేలను రోజుకు ఎన్నిసార్లు శుభ్రం చేయాలో కూడా ఆ నిబంధనలోనే రాయించండి. అమలవుతోందో లేదో ముందుగా చెప్పకుండా వచ్చి చూసే బాధ్యతను విమానాశ్రయ యాజమాన్యానికి కాకుండా బయటి ఆరోగ్య అధికారులకు అప్పగించండి. ఈ విషయంలో మీ శాఖ ఏం చేయబోతోందో, ఎప్పటిలోగా చేస్తుందో ప్రజలందరికీ తెలిసేలా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విమాన ప్రయాణికురాలు