‘ద క్యాథరిన్ వీల్’ ఎల్పీ తీసుకున్నవాళ్లకు: మా లిస్టింగులో పొరపాటు, మీరు చేయగలిగినవి

డేవిడ్ బర్న్ ‘ద క్యాథరిన్ వీల్’ ఎల్పీ మా దగ్గర కొన్నవాళ్లకూ, అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకూ ఈ కబురు. ఆ రికార్డు వివరాల్లో ‘నృత్యానికి కట్టిన పూర్తి సంగీతం, 73 నిమిషాలు’ అని పెట్టాం. అది తప్పు. 1981 నాటి ఆ ఎల్పీలో ఉన్నది సుమారు 40 నిమిషాలే. 73 నిమిషాల లెక్క క్యాసెట్‌ది, వివరాలు ఎక్కించేటప్పుడు ఎల్పీకి తగిలించేశాం. డిస్కులో లోపమేమీ లేదు, మాకు సరుకు పంపినవాళ్ల తప్పూ లేదు.

పేరు చూసి కొన్నవాళ్లకు సంగతేమిటో క్లుప్తంగా. అమెరికన్ కొరియోగ్రాఫర్ ట్వైలా థార్ప్ ఇదే పేరుతో రూపొందించిన నృత్యం 1981 సెప్టెంబరు 22న న్యూయార్క్ వింటర్ గార్డెన్ థియేటర్లో మొదలైంది. దానికి సంగీతం కట్టమని ఆమె అడిగింది టాకింగ్ హెడ్స్ అనే రాక్ బృందం గాయకుడు బర్న్‌ను. బెర్నీ వొరెల్, ఏడ్రియన్ బెలూ, బ్రయన్ ఈనో, జెర్రీ హారిసన్ వాయించారు. డ్రమ్స్ మీద యోగి హోర్టన్, తాళవాద్యాల్లో పశ్చిమాఫ్రికా లయల మీద పుస్తకం రాసిన జాన్ చెర్నాఫ్. అందుకే పాటకు పాట పాప్‌లాగే వినిపిస్తున్నా కింద నడిచే తాళాలు మాత్రం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి.

నృత్యం కోసం పుట్టిన సంగీతంలో అన్నీ పాటలే ఉండవు. మన యక్షగాన దరువులు పాత్ర ప్రవేశానికి, నడకకు, మలుపుకు అని పుట్టినట్టే ఇక్కడా కొన్ని ముక్కలు అడుగులు మార్చుకోవడానికే ఉన్నాయి. ఎల్పీకి వచ్చేసరికి ఎక్కువగా గొంతున్న పాటల్నే ఏరారు. నృత్యం మొదట్లో వచ్చే ‘లైట్ బాత్’ అందులో లేదు. పాటల వరస కూడా నృత్యం వరస కాదు. అంటే ఎల్పీ వింటూ నృత్యం వీడియోతో పోల్చి చూడబోతే మొదటి నిమిషంలోనే దారి తప్పుతారు.

ఒకే డిస్కులో మొత్తం ఎందుకు పట్టించలేదంటే, పట్టదు కనుక. నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిరిగే పన్నెండంగుళాల ఎల్పీకి ఒక్కో వైపు 18 నుంచి 22 నిమిషాలు సుఖంగా పడతాయి. బేస్ గట్టిగా ఉన్నకొద్దీ ముల్లు నడిచే గాడి అటూఇటూ ఎక్కువ ఊగుతుంది, ఎక్కువ చోటు తింటుంది. ఈ సంగీతం నడిచేదే బేస్ మీద, డ్రమ్స్ మీద. వైపుకు 36 నిమిషాలు కుక్కాలంటే శబ్దం బాగా తగ్గించి కోయాలి, అప్పుడు బేస్ పలచబడి గీతల గరగర పైకి తేలుతుంది. క్యాసెట్‌కు ఆ ఇబ్బంది లేదు, వైపుకు 37 నిమిషాలు హాయిగా పడతాయి. అందుకే అప్పట్లో పూర్తి సంగీతం క్యాసెట్ మీదే వచ్చింది, తర్వాత సీడీ మీదికి వెళ్లింది. రికార్డు షాపుల కోసం ఏటా జరిపే రికార్డ్ స్టోర్ డేకి 2023లో రెండు డిస్కుల ఎల్పీగా, నాలుగు వైపుల్లో వచ్చింది.

ఏది ఏదో అట్ట మీద పేరే చెబుతుంది. ‘సాంగ్స్ ఫ్రమ్ ద బ్రాడ్‌వే ప్రొడక్షన్’ అని ఉంటే పాటల ఎంపిక. ‘ద కంప్లీట్ స్కోర్’ అని ఉంటే మొత్తం. మా దగ్గరే కాదు, పాత రికార్డులు ఎక్కడ కొన్నా ముందు ఈ రెండు ముక్కలు చదవండి.

ఇక ఏది కొనాలి? పాటల కోసమైతే ఆ ఒక్క ఎల్పీనే ఉంచుకోండి. ‘వాట్ ఎ డే దట్ వాజ్’ విన్నాక ఇంకేం కావాలనిపించదు, తర్వాత అది టాకింగ్ హెడ్స్ కచేరీల్లోకి కూడా ఎక్కింది. నృత్యం సాధన చేసేవాళ్లు, కొరియోగ్రఫీ చదువుకునేవాళ్లు మాత్రం సీడీ తీసుకోండి. కారణం సెంటిమెంటు కాదు, వేగం. బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్ అర శాతం తేడాగా తిరిగినా 73 నిమిషాల్లో దాదాపు 22 సెకన్లు అటో ఇటో పోతాయి, శ్రుతి కూడా కొద్దిగా జరుగుతుంది. లెక్కపెట్టి అడుగేసేవాళ్లకు అది చాలా ఎక్కువ. రికార్డు కొన్నంత మాత్రాన వేదిక మీద వాయించే హక్కు రాదన్నది కూడా గుర్తుంచుకోండి. స్వరరచనకు ఐపీఆర్ఎస్, రికార్డింగుకు పీపీఎల్ లాంటి హక్కుల సంస్థల అనుమతులు వేరుగా చూసుకోవాలి.

ఎల్పీ ఉంచుకునేవాళ్లకు ఒక మాట. రెండో వైపు చివరి పాట ‘బిగ్ బ్లూ ప్లిమత్’లో స, ష శబ్దాలు చిట్లినట్టు వినిపిస్తే డిస్కు అరిగిందని తొందరపడకండి. డిస్కు అంచున ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది, లోపలి అంచుకు వచ్చేసరికి 21కి పడిపోతుంది. అంతే శబ్దాన్ని సగం కన్నా తక్కువ చోటులో ఇరికిస్తే గుండ్రటి ముల్లు చదవలేదు. ఎలిప్టికల్ (కోలగా ఉండే) ముల్లు వేసి, అది గాడిలో సరిగ్గా కూర్చునేలా అలైన్‌మెంటు సరిచూసి, ముల్లు గాడి మీద మోపే బరువు కార్ట్రిడ్జి (ముల్లు ఉండే భాగం) తయారీదారు చెప్పినంతే పెట్టండి. ఆడియో-టెక్నికా వాళ్ల ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జికి అది 2 గ్రాములు. బరువు తగ్గిస్తే రికార్డుకు మంచిదనుకుంటారు చాలామంది. తక్కువైతే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతుంది, గోడలు చెక్కుకుపోయేది అప్పుడే. సూట్‌కేసు ప్లేయర్లలో అయిదు గ్రాముల దాకా బరువు పడుతుంది, వాటి మీద ఈ డిస్కు పెట్టొద్దనే మా సలహా.

పాత క్యాసెట్లు మా దగ్గర రెండే ఉన్నాయి. అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి వాటి సంగతి దాచకుండా చెప్తాం. వైపుకు 37 నిమిషాలంటే టేపు పల్చనిది కావాలి. పల్చటి టేపులో పక్క చుట్టలోని శబ్దం ఈ చుట్టకు అంటుకుంటుంది, నిశ్శబ్దం తర్వాత గట్టి దెబ్బ రాబోయే ముందు దాని నీడ మెల్లగా వినిపిస్తుంది. రెండింటిలోనూ అది ఉంది, బాగుచేయడానికి వీలుకాదు. ఒకదానిలో టేపును ప్లేయర్లో దాన్ని చదివే హెడ్‌కు అదిమే ఫెల్ట్ ముక్క జిగురెండి ఊడిపోతే కొత్తది అతికించాం. అది లేకపోతే తాళాల మెరుపంతా పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. పెట్టగానే వాయించకుండా ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి చుట్టండి, ఏళ్లతరబడి బిగుసుకున్న చుట్టలు సర్దుకుంటాయి. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, రబ్బరు రోలరుకు మాత్రం తడిగుడ్డ చాలు. వానాకాలంలో చుట్ట అంచున తెల్లటి పొడి కనబడితే అది బూజు, ప్లేయర్లో పెట్టకండి. పెడితే ఆ తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది.

డబ్బుల విషయం. ఎల్పీ వెనక్కి ఇవ్వాలనుకుంటే ఈ నెలాఖరులోపు చెప్పండి. విప్పి వాయించినదైనా తీసుకుంటాం, రానూపోనూ కొరియరు ఖర్చు మాదే. ఉంచుకుంటామనేవాళ్లకు సీడీ మేం కొన్న ధరకే ఇస్తాం. అడ్వాన్సు కట్టినవాళ్లు ఎవరికీ, మీరు మళ్లీ సరే అనేదాకా, ఎల్పీ పంపం. రెండు డిస్కుల 2023 ముద్రణ గురించి మాత్రం మాట ఇవ్వలేం. అది పరిమితంగా వచ్చిన సరుకు, ఇప్పుడు దొరికేదంతా చేతులు మారినదే, దిగుమతి సుంకం కలిస్తే ధర మాకే సబబుగా అనిపించడం లేదు. అయినా కావాలంటే, ధర ముందు చెప్పి మీరు ఒప్పుకున్నాకే ఆర్డరు పెడతాం. క్యాసెట్లు రెండూ షాపులోనే వినిపించి అమ్ముతాం, కొరియరులో పంపం.