గట్టు రోడ్డు పని కాలవకి నీళ్ళు ఆపినప్పుడే చేయించుకోవాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా వీధి కుర్రాడొకడు రాత్రి పని ముగించుకుని బైకు మీద వస్తూ కాలవలో పడి చనిపోయాడు. ఎదురుగా వచ్చింది ట్రాక్టరు, కానీ దానికి ఒక్క లైటే వెలుగుతోంది, మంచులో అది ఇంకో బైకు అనుకుని ఉంటాడు, బాగా దగ్గరికొచ్చాక బైకు పక్కకి తిప్పాడు. పక్కన నేల లేదు, కాలవ నిండా గుర్రపుడెక్క ఉంది. బైకు లైటు కనపడకపోతే ఏ సందులోకో తిరిగాడనుకున్నానని ట్రాక్టరు తోలే అతను తరవాత ఏడుస్తూ చెప్పాడు. తెల్లారాక గానీ మాకు తెలియలేదు.

మా కోనసీమలో ఎటు వెళ్ళాలన్నా ఇలాంటి గట్టు రోడ్లే. ఇవి మొదట రోడ్ల కోసం పోసినవి కావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలవలు తవ్వి, ఆ మట్టితో గట్లు పోశారు, వాటి మీద మనుషులు నడుస్తూ పడవలని తాళ్ళతో లాగేవారు. అందుకే కాలవ ఎక్కడ తిరిగితే రోడ్డు అక్కడ తిరుగుతుంది. ఆ గట్టు మీదే తారు వేసి ఇప్పుడు చేపల లారీలు, కొబ్బరి లోడ్లు, వరికోత మిషన్లు, స్కూలు ఆటోలు తిప్పుతున్నాం. వానాకాలం అంచు నాని జారుతుంది. గట్టు జలవనరుల శాఖది, పైన తారు వేసింది ఇంకో శాఖ, పక్కన తుప్పలు కొట్టాల్సింది పంచాయతీ అంటారు. ముగ్గురి చుట్టూ తిరిగాం, చివరికి మేమే పలుగూ పారా పట్టుకున్నాం.

మేము చేసింది పెద్ద పనేం కాదు. ఒక ఆదివారం పాతికమందిమి వెళ్ళి ఆ కుర్రాడు పడిన మలుపు దగ్గర ఎదుటి బండి కనపడకుండా పెరిగిన తుప్పలు కొట్టాం. ఆ ముక్క మేర గుర్రపుడెక్క లాగి పారేశాం, ఇప్పుడు రాత్రి లైటు పడితే నీళ్ళు మెరుస్తాయి, అది కాలవ అని తెలుస్తుంది. శాఖ వాళ్ళని అడిగి అంచున తాటి దుంగలు పాతి, సున్నం కొట్టి రేడియం అంటించాం. మలుపు పక్క కిళ్ళీ కొట్టులో పొడుగు తాడు, గాలి నింపిన లారీ ట్యూబు పెట్టాం. ఊళ్ళో ట్రాక్టర్లన్నిటికీ రెండు లైట్లూ వెలగాలని, తొట్టి వెనక రేడియం ఉండాలని రైతులమే కూర్చుని మాట్లాడుకున్నాం. దీనికి మాత్రం రెండు సార్లు గట్టిగా గొడవైంది, అయినా ఒప్పుకున్నారు.

నేనూ రైతునే కాబట్టి ఇంకో మాట చెప్పాలి. ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తాం, కళ్ళాలు లేవు, ఏం చేస్తాం. కానీ బరకాలు ఎత్తేశాక చుట్టూ పెట్టిన రాళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోతున్నాం. చీకట్లో ఆ రాయి ఎక్కిన బైకు ఎక్కడికి పోతుందో ఆలోచించండి. ఆఖరి బస్తా ఎత్తినవాడే ఆఖరి రాయీ తీయాలి.

అలాగే ఎక్కడైనా ప్రమాదం జరిగితే మర్నాడే కోపంలో రోడ్డుకి అడ్డంగా సిమెంటు ముద్ద వేసేస్తాం. అది స్పీడు బ్రేకరు కాదు, ఇంకో ప్రమాదం. నిబంధన ప్రకారం దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, అంటే బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. ముందు బోర్డు, మీద తెల్ల గీతలు లేకపోతే గర్భిణిని తీసుకెళ్ళే ఆటో కూడా దాని మీద ఎగిరిపడుతుంది.

పడిపోయిన మనిషిని ముట్టుకుంటే కేసవుతుందేమో అన్న టెన్షన్ ఇంకా చాలామందికి ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్ళ మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు. 108కి ఫోన్ చేసి వాళ్ళొచ్చేదాకా దగ్గరుండండి, అంతే.

అయితే తాటి దుంగలు కొన్నేళ్ళకి పుచ్చిపోతాయి, లారీని అవి ఆపలేవు. అసలు కావలసింది రక్షణ గోడ, జారిపోయిన అంచుకి రాతి కట్టు. ఆ పని కాలవలో నీళ్ళుండగా అవ్వదు. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, మళ్ళీ సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నీళ్ళు వదిలేలోపు ఉన్న ఆ కొద్ది వారాలే గడువు. ఏటా ఆ వారాలు కాగితాల మీదే అయిపోతున్నాయి. కాబట్టి గట్టు మీద ఉన్న ప్రతి ఊరూ ఏ మలుపులో ఎంతమంది పడ్డారో రాసి, ఫొటోలు పెట్టి, నీళ్ళు ఆపకముందే గ్రామసభలో తీర్మానం చేసి మూడు శాఖలకీ ఒకే రోజు ఇవ్వాలని నా కోరిక. పనులు మంజూరు చేసే అధికారులు ఒక్కసారి రాత్రి పూట, మంచులో, బైకు మీద ఈ దారిన రావాలని కూడా మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

మా మలుపులో ఇంకా పదకొండు దుంగలు పాతాలి. ఆ కుర్రాడి నాన్న తన చేలో తాడిచెట్టు కొట్టుకోమన్నాడు.

ఇట్లు,
ఒక రైతు,
అమలాపురం దగ్గర గట్టు మీద ఊరు