బొంబాయి రవ్వ గోధుమ కాదా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీలో ఈమధ్య ‘గ్లూటెన్ లేని రాగి బ్రెడ్’ అని ఒక వంటకం వేశారు. ఫొటో చూడముచ్చటగా ఉంది. కావలసినవి చదువుకుంటూ వస్తే మధ్యలో ‘బొంబాయి రవ్వ – అర కప్పు’ అని కనిపించింది. బొంబాయి రవ్వ గోధుమల నుంచే తీస్తారండీ. మైదా, సేమ్యా, గోధుమ నూక కూడా అంతే, పేర్లే వేరు. ఆ పేజీ ఫొటో తీసి మా చుట్టాలావిడ ఒకరు ‘మీ పాప కోసం’ అని వాట్సాప్‌లో పంపించారు కూడా. ఆవిడ తప్పేం లేదు, పేపర్లో వచ్చిందంటే నిజమేననుకుంటారు ఎవరైనా. దయచేసి సవరణ వేయండి. అది కూడా వంటల పేజీలోనే వేయండి. ఆ వంటకం కత్తిరించి దాచుకున్నవాళ్లు వేరే పేజీలో ఏ మూలో వేస్తే చూడరు.

మాది తుని. కర్రీ పాయింట్ నడుపుతాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. చిన్నప్పటి నుంచీ కడుపుబ్బరం, విరేచనాలు. రక్తం తక్కువని ఐరన్ మందులు వాడితే వాడినన్నాళ్లూ వాడడమే, పెరిగింది లేదు. ఈడు పిల్లల కంటే పొట్టిగా ఉండిపోయింది. నులిపురుగులన్నారు, దిష్టి అన్నారు. చివరికి విశాఖలో ఒక గ్యాస్ట్రో డాక్టరు గారు రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేయించి సీలియాక్ జబ్బని తేల్చారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళితే, ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను పాడుచేస్తుందట. ఇక తిన్నది ఒంటబట్టేదెలా? దీనికి మందు లేదు. జన్మంతా గ్లూటెన్ మానేయడమే వైద్యం.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో హాలెండ్‌లో కరువొచ్చి బ్రెడ్ దొరక్కుండా పోయినప్పుడు ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారనీ, బ్రెడ్ మళ్లీ రాగానే మళ్లీ పడ్డారనీ, గోధుమల మీద డికే అనే పిల్లల డాక్టరుకున్న అనుమానం దాంతో రూఢి అయిందనీ మా విశాఖ డాక్టరు గారే చెప్పారు. 2016లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలో ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి ఇది ఉంది. వెయ్యికి ఒకరే కదా అని తీసిపారేయకండి. ఆ లెక్కన యాభై వేలు దాటిన మా తునిలోనే యాభై మంది ఉండాలి. మాకు తెలిసింది మా అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్లు ఇంకా నులిపురుగుల మందే తాగుతున్నారేమో.

‘అన్నం తినేవాళ్లం, మనకి బ్రెడ్ ఎందుకండీ?’ అని అందరూ అడుగుతారు. మన ఊళ్లలో బ్రెడ్ జ్వరం తిండి కదా. ఆసుపత్రిలో ఎవర్ని చూడ్డానికెళ్లినా చేతిలో ఒక బ్రెడ్ ప్యాకెట్. మా పాపకి జ్వరమొచ్చినప్పుడల్లా పాలల్లో బ్రెడ్ ముంచి పెట్టినవాళ్లమే అందరం. అదలా ఉంచితే, పదమూడేళ్ల పిల్లకి బ్రెడ్ ఆమ్లెట్ తినాలనిపిస్తుంది, స్కూల్లో బాక్సు తెరిస్తే పక్కపిల్లతో మార్చుకోవాలనిపిస్తుంది. అన్నవరం మాకు కూతవేటు దూరం. అక్కడి ప్రసాదం గోధుమ నూకతోనే చేస్తారు, కళ్లకద్దుకుని తమ్ముడి చేతిలో పెట్టేస్తోంది. కనీసం బ్రెడ్డయినా ఇంట్లో చేద్దామనుకున్నాను. గ్లూటెన్ లేని బ్రెడ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గానీ, మామూలు బ్రెడ్‌కి ఎన్నో రెట్ల ధర, వచ్చేసరికి పొడిపొడి.

గోధుమపిండిని తడిపి పిసికితే సాగేది గ్లూటెన్ వల్లే. ఈస్ట్ వదిలే గాలిని ఆ సాగుడే పట్టి ఉంచుతుంది. జొన్నలో, బియ్యంలో అది లేదు కాబట్టి గాలి తప్పించుకుపోయి పిండి చతికిలబడుతుంది. దానికి విరుగుడు ఇసబ్గోల్ పొట్టు. మలబద్ధకానికి మెడికల్ షాపులో అమ్మేదే, గుజరాత్‌లో బాగా పండుతుంది. నారింజ రుచి, పంచదార కలిపింది తీసుకోకూడదు, ఉత్త పొట్టు కావాలి.

నేను చేసే పద్ధతి ఇది. జొన్నపిండి 150 గ్రాములు, బియ్యప్పిండి 100, సగ్గుబియ్యం పిండి 100. ఇసబ్గోల్ 20 గ్రాములు. నీళ్లు మొత్తం 380 మిల్లీలీటర్లు. జొన్నపిండిలో సగానికి అందులోంచే కొన్ని నీళ్లు బాగా మరగకాచి పోసి గరిటెతో కలిపేయాలి. ఈ కిటుకు మా వీధిలో ఉండే కర్నూలు ఆవిడది. నేను చన్నీళ్లు పోస్తుంటే చూసి, ‘జొన్నపిండికి చన్నీళ్లు పోస్తారా ఎవరైనా, అక్కా?’ అని గరిటె లాక్కుంది. వేడికి పిండి కొంత ఉడికి జిగురొస్తుంది, రొట్టె విరగదు. బ్రెడ్‌కీ అదే సూత్రం. మిగిలిన నీళ్లలో ఇసబ్గోల్ కలిపి కాసేపు వదిలేస్తే గరిటె నిలబడేంత చిక్కగా అవుతుంది. ఉడికిన పిండి చల్లారాక (వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది) అన్నీ కలిపి, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక చెంచా, చెంచాడు పంచదార, తగినంత ఉప్పు, రెండు చెంచాల నూనె, చెంచాడు వెనిగర్ వేయాలి. గారెల పిండి కంటే గట్టిగా, జంతికల పిండి కంటే మెత్తగా ఉండాలి. పిసకడం ఏమీ లేదు, పిసికినా సాగేది లేదు.

ఇంకొకటి నా సొంతం. ఇడ్లీ పొంగడానికి గ్లూటెన్ అక్కర్లేదు కదా, ఆ పని మినపప్పు జిగురు చూసుకుంటుంది. అందుకని పిడికెడు మినపప్పు నానబెట్టి నురగొచ్చేలా రుబ్బి ఇందులో కలుపుతాను, నీళ్లు ఆ మేరకు తగ్గిస్తాను. ముక్క మెత్తగా వస్తుంది, మర్నాటికీ అంతగా బిరుసెక్కదు. రాగిపిండి ఒక్కదానితో చేస్తే ఇటుకలా తయారవుతుంది, మీ పేజీలో ఆ రవ్వ పడింది బహుశా అందుకే. సజ్జపిండి అప్పటికప్పుడు ఆడించింది కాకపోతే చేదు. శనగపిండి వేస్తే పచ్చివాసన మా పాపకి నచ్చలేదు.

డబ్బాలో ముప్పాతిక వంతు నింపి ఒక్కసారే పొంగనివ్వాలి. మా తుని ఎండల్లో అరగంట చాలు. అంచు దాకా వచ్చిందంటే ఓవెన్లో పెట్టేయాలి, ఇంకా పొంగుతుందేమోనని చూస్తే బ్రెడ్ నడుం విరిగి మధ్యలో కుంగిపోతుంది. 200 డిగ్రీల వేడిలో గంటసేపు. ఓవెన్ లేనివాళ్లు పాత కుక్కర్ అడుగున ఇసుక పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి చేసుకోవచ్చు, పైన మాత్రం ఎర్రబడదు. అసలు కష్టం తర్వాత వస్తుంది: పూర్తిగా చల్లారేదాకా కోయకూడదు. వేడిమీద కోస్తే కత్తికి బంకలా అంటుకుని లోపల ఉడకలేదనిపిస్తుంది. వాసనకి మా పిల్లలిద్దరూ చుట్టూ తిరుగుతుంటే ఆ రెండు మూడు గంటలూ కాపలా కాయడం నా వల్ల కాక, ఇప్పుడు రాత్రి చేసి పొద్దున్న కోస్తున్నాను. ముక్కలు ఫ్రీజర్లో పెట్టి, కావలసినప్పుడు పెనం మీద కాల్చుకోవడమే.

బ్రెడ్ చేయడం కంటే శుభ్రమైన పిండి సంపాదించడమే కష్టమండీ. పిండిమరలో మన ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళతారు. ఆ రాళ్ల మధ్య, ఆ గొట్టంలో మిగిలిన పిండి మన జొన్నల్లోకే దిగుతుంది. ‘ముందు రెండు గుప్పెళ్లు బియ్యం వేసి తోసేస్తానమ్మా’ అంటాడు మర అబ్బాయి, మంచివాడే. దాంతో పోదు. కొట్లో కొన్న జొన్నలు చేటలో పోసి ఏరుతుంటే బియ్యంలో రాళ్లు ఏరే అమ్మమ్మలా ఎందుకు కూర్చున్నానో అనిపించేది, గోధుమ గింజలు కనిపించేదాకా. పొడుగ్గా, మధ్యలో గాడితో, తెల్లటి గుండ్రటి జొన్నల్లో ఇట్టే తెలిసిపోతాయి. ఇప్పుడు జొన్నలు ఏరి, కడిగి, ఆరబెట్టి మిక్సీలోనే పడుతున్నాను. జల్లెడ, డబ్బాలు విడిగా ఉన్నాయి. కింద కొట్లో సాయంత్రం పుల్కాలు వేస్తాం కాబట్టి ఈ పనంతా మేడమీద వంటగదిలోనే.

2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి బేకరీల్లో జొన్న బ్రెడ్, రాగి బ్రెడ్, మల్టీగ్రెయిన్ బ్రెడ్ వచ్చేశాయి. ప్యాకెట్ తిప్పి చూడండి. పదార్థాలను ఎక్కువ పాళ్లలో ఉన్నదాంతో మొదలుపెట్టి రాయాలని రూలు. చాలావాటిలో మొదట ఉండేది మైదా, గోధుమపిండే. చిరుధాన్యం పేరుకి కాస్త. షుగర్ ఉన్నవాళ్లూ వీటిని ఎగబడి కొంటున్నారు, వాళ్లకీ మోసమే. గ్లూటెన్ లేనిదని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. విడిగా కవర్లో కట్టి అమ్మే బేకరీ బ్రెడ్‌కి ఆ రాత కూడా ఉండదు, కౌంటర్లో కుర్రాడి మాటే లేబులు.

ఒళ్లు తగ్గుతుందని గోధుమలు మానేస్తున్నవాళ్లకి ఒక మాట. కడుపులో నిజంగా ఇబ్బందుంటే మానకముందే పరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే రక్తపరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు, జబ్బున్నా లేదని వస్తుంది.

చివరగా ఇంగువ సంగతి. మనం వాడే కూట ఇంగువలో (ఉత్త ఇంగువ కాదు, పిండి కలిపి తయారుచేసేది) చాలా రకాల్లో గోధుమపిండో మైదానో కలుస్తుంది. పులిహోర, పప్పుచారు, ఆవకాయ, దేన్లో వేయం చెప్పండి! బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా తయారవుతోంది. మా ఊళ్లో నాలుగు కొట్లు తిరిగినా దొరకలేదు, అడిగితే వింతగా చూశారు. సరుకు తెప్పించే హోల్‌సేల్ వాళ్లు మీ పేపరు చదువుతారు కదా, ఇది కాస్త వాళ్ల కంటపడేలా వేయండి. డబ్బాలకు డబ్బాలు మా కర్రీ పాయింట్‌కే తీసుకుంటాను.

ఇట్లు,
కర్రీ పాయింట్ నడిపే ఒక పాఠకురాలు, తుని