పాలరాపు రాబందుల ప్రాణం పశువుల సూదిమందులో ఉంది

సంపాదకుల వారికి,

రాబందుల గురించి పత్రికల్లో ఎప్పుడు వార్త వచ్చినా గుట్ట, గూళ్లు, అటవీ శాఖ కాపలా ఇవే కనిపిస్తాయి. కొమరంభీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ప్రాణహితలో కలిసేచోట ఉన్న పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. అప్పటి నుంచి రాసిందంతా దాదాపు ఆ గుట్ట గురించే. గుట్టకు కాపలా పెట్టాల్సిందే. కానీ చుట్టుపక్కల ఊళ్లలో జబ్బుపడ్డ గొడ్డుకు ఏ మందు సూది వేస్తున్నారన్నది ఎవరూ అడగడం లేదు. పశువైద్యంలో ఉన్నవాళ్లం గనక ఆ సంగతి మేమే రాస్తున్నాం.

ఈ పక్షి దాదాపు అయిదేళ్లు వచ్చేదాకా గుడ్డు పెట్టదు. పెట్టినా ఏడాదికి ఒకటే. పొదగడానికి యాభై రోజులు దాటుతుంది, ఆపైన పిల్ల ఎగరడానికి మూడు నాలుగు నెలలు. తల్లీ తండ్రీ వంతులేసుకుని పొదుగుతాయి, మేపుతాయి. మధ్యలో ఒకటి చస్తే ఆ ఏటి పిల్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇంత నిదానంగా పెరిగే జాతిలో పెద్ద పక్షుల చావులు కాస్త పెరిగినా లెక్క తలకిందులవుతుంది. 1992, 2007 మధ్య మన దేశంలో తెల్లనడుము రాబందులు వెయ్యింటికి ఒకటి మిగిలాయి, పొడుగు ముక్కువి వందకు మూడు.

కారణం డైక్లోఫెనాక్ అని పాకిస్తాన్‌లో పరిశోధించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో ప్రకటించింది. పశువుకు నొప్పి, జ్వరం తగ్గించే ఈ మందు, అది పడ్డ గొడ్డు కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలను చెడగొడుతుంది. రక్తంలో యూరిక్ ఆమ్లం పేరుకుని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. కోసి చూస్తే కాలేయం మీద, గుండె మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. ఒక్క గొడ్డు మీద పదుల సంఖ్యలో పక్షులు వాలతాయి కాబట్టి, వందలో ఒక్క కళేబరంలో కూడా విషం అక్కర్లేదు, అంతకంటే తక్కువే జాతిని తుడిచిపెట్టడానికి సరిపోతుందని లెక్కలు తేల్చాయి.

చట్టం చేయాల్సింది చాలావరకు చేసింది. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో, అదే తరహా నొప్పి మందులైన కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్‌లను 2023లో, నిమెసులైడ్‌ను 2024 చివర్లో నిషేధించారు. ఏసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, కనుక పేరు మారిందే గానీ విషం అదే. అసలు కంత మనుషుల మందులో ఉంది. ఒకప్పుడు మనుషుల డైక్లోఫెనాక్ 30 మి.లీ. సీసాల్లో దొరికేది, పశువులకు వాడటానికి అదే వాటం. 2015లో దాన్ని 3 మి.లీ. ఒక్క మోతాదు ఆంపుల్‌కు కుదించారు. ఒక్కో ఆంపుల్‌లో ఉండేది 75 మి.గ్రా. 300 కిలోల ఆవుకు నాలుగు పగలగొడితే పని అయిపోతుంది. అడ్డంకి చిన్నది, దాటాలనుకున్నవాడికి ఆ కాస్త శ్రమ లెక్కలోకి రాదు.

నొప్పి మందుల్లో రాబందుకు హాని చేయవని పరీక్షల్లో తేలినవి మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్. మెలాక్సికామ్ దాచిన రహస్యమేమీ కాదు, ధర కూడా అందుబాటులోనే ఉంది. అయినా ఊళ్లలో ‘అది పనిచేయదండీ’ అనే మాట వినిపిస్తుంది. తప్పు మోతాదులో ఉంటుంది. పశువు బరువులో కిలోకు అర మి.గ్రా. పడాలి. మి.లీ.కు 5 మి.గ్రా. ఉండే సీసా అయితే పది కిలోలకు ఒక మి.లీ., అంటే 300 కిలోల ఆవుకు 30 మి.లీ. పాత అలవాటు కొద్దీ పది, పన్నెండు మి.లీ. ఎక్కించి ఊరుకుంటే జ్వరం ఎలా దిగుతుంది? మర్నాడు రైతు విసుక్కుంటాడు, సూది వేసినవాడు మళ్లీ పాత మందుకే పోతాడు. 30 మి.లీ. ఒకేచోట దించితే కండ వాచిపోతుంది, అది మరో ఫిర్యాదు. మెడ కండలో రెండు మూడు చోట్లకు పంచి వేయాలి. గాఢత ఎక్కువున్న సీసాలూ ఉంటాయి, పారాసిటమాల్ కలిపినవీ ఉంటాయి, అందుకని లేబుల్ చదవకుండా లెక్క కట్టొద్దు. ఈ విషయంలో ఊళ్లలో పశువులకు ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్రలను, ఊరి కాంపౌండర్లను మాత్రమే తప్పుపట్టలేం. చదువుకున్న మావాళ్లలోనూ చేయి తిరిగిన మందునే రాసేవాళ్లున్నారు.

ఇక చచ్చిన గొడ్డు. డైక్లోఫెనాక్ పడ్డ పశువు మూడు రోజుల లోపు చస్తే దాని కళేబరం, ముఖ్యంగా మూత్రపిండాలు, కాలేయం, రాబందుకు ప్రాణాంతకం. కాబట్టి బయట వేసే ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ వారంలో ఏ సూది వేశారు? తెలియకపోతే ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. మందు పడలేదని గట్టిగా తెలిస్తే తోలు తీసి వేయడం మేలు, పక్షులకు మాంసం తొందరగా అందుతుంది. వేసేచోటు బయలుగా ఉండాలి. రాబందు పైకి లేవడానికి కొంత దూరం పరుగెత్తాలి, పొదలుంటే కుక్కలకు దొరికిపోతుంది. కరెంటు తీగలు దగ్గర్లో ఉండకూడదు. కుక్కలు దూరకుండా కంచె తప్పనిసరి. కుక్కల కోసమో చిరుతపులి కోసమో కళేబరంలో గుళికల పురుగుమందు కలిపే పని ఇప్పటికీ జరుగుతోంది. అలా ఒకసారి కలిపినా ఒక గుంపు మొత్తం పోతుంది.

పాలరాపు ఒక్కదాన్నే రక్షిత ప్రాంతం అనుకుంటే సరిపోదు. మేత కోసం రాబందు ఒక్కరోజులో వంద కిలోమీటర్లు తిరగగలదు. అందుకే రాబందులకు సురక్షిత ప్రాంతాలను వంద కిలోమీటర్ల వ్యాసార్ధంతో గీస్తారు. పాలరాపు నుంచి ఆ గీత గీస్తే కాగజ్‌నగర్, మంచిర్యాలతో పాటు నదికి అవతల మహారాష్ట్రలోని అహేరి, దాదాపు చంద్రపూర్ దాకా లోపలికొస్తాయి. ఇవతల ఒక్క జిల్లా అధికారుల సమావేశంతో అయ్యే పని కాదిది. గడ్చిరోలిలో రాబందులకు మేత వేసే కేంద్రాలు నడిపిన అనుభవం అటువైపుంది, దాన్ని వాడుకోవాలి.

మేం కోరేవి ఇవి. ఔషధ నియంత్రణ అధికారులు కొనుగోలుదారుల్లా మారువేషంలో వెళ్లి, పశువు పేరు చెప్పి డైక్లోఫెనాక్ అడిగి చూడాలి. అప్పుడే అమ్మేవాళ్లెవరో తెలుస్తుంది, బిల్లు పుస్తకాలు చూస్తే తెలియదు. పశుసంవర్ధక శాఖ ఈ మండలాల గోపాలమిత్రలకు మెలాక్సికామ్ ఉచితంగా ఇవ్వాలి, మోతాదు పట్టికను సీసాతో పాటే అందించాలి. చచ్చిన పశువుల కాలేయం నమూనాలు ఏటా తీసి పరీక్షకు పంపాలి. హర్యానాలోని పింజోర్‌లోనూ, హైదరాబాద్ జూలోనూ రాబందు పిల్లలను పుట్టించడం మంచిదే. కానీ ఈ వంద కిలోమీటర్ల వలయంలో విషం ఎంతుందో కొలవకుండా వాటిని వదిలితే ఖర్చు దండగ.

ఎవరికైనా చచ్చిన రాబందు కనబడితే కాల్చొద్దు, పూడ్చొద్దు. వట్టి చేతులతో ముట్టుకోకుండా నీడ కల్పించి, వెంటనే అటవీ సిబ్బందికి చెప్పండి. మూత్రపిండం, కాలేయం ముక్కలు కుళ్లకముందే ఐసులో పెడితేనే ప్రయోగశాలలో మందు ఆనవాలు తేలుతుంది. ఎండాకాలం కొన్ని గంటల ఆలస్యమైనా నమూనా పనికిరాకుండా పోవచ్చు.

– కొందరు పశువైద్యులు,
కొమరంభీం ఆసిఫాబాద్ జిల్లా