దసరా సెలవుల గురించి

శ్రీకాకుళం

అమ్మడూ,

హాస్టల్ ఫోన్లో వెనకాల లైన్ ఉంటుంది కదా, నువ్వు అడిగినదానికి తీరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. దసరా సెలవుల్లో ఇల్లంతా సర్దేస్తానన్నావు. మామ్మ ఆ మాట వీధిలో అందరికీ చెప్పేసింది. నాకూ చాలా సంతోషంగా ఉంది. ఒకే రంగు ప్లాస్టిక్ డబ్బాలు కొందామన్నావు చూడు, అది మాత్రం ఇప్పుడే వద్దు. ముందు అలమర ఖాళీ చేసి, ఏముందో చూద్దాం. చూడకుండా కొంటే ఆ డబ్బాలకే మళ్లీ చోటు వెతకాలి.

వంటింటితో మొదలుపెట్టు. మొదటిరోజు ఏదీ కదపకు. మామ్మ పొద్దుట్నుంచి దేనికోసం వంగుతోందో, దేనికోసం స్టూలు లాగుతోందో గమనించు. ఆవిడకి మోకాళ్లు వంగవు, చెయ్యి భుజం దాటి లేవదు. టీపొడి, చోడిపిండి, మందుల డబ్బా నడుముకీ భుజానికీ మధ్య ఉన్న అరలోకి రావాలి. అక్కడ అవి అందంగా కనపడకపోయినా పరవాలేదు. వీడియోల్లో చూపించే వంటిళ్లలో మామ్మలు ఉండరు, మనింట్లో ఉంది. ఆవిడ వస్తువు ఏదైనా ఆవిడని అడక్కుండా పాత సామాన్లవాడికి వెయ్యకు. ఆ సొట్టపోయిన చెంబు ఆవిడ పుట్టింటివాళ్లు ఇచ్చింది, బుడితి ఊళ్లో చేసిన ఇత్తడిది.

వంటిల్లు అయ్యాక కాగితాలు. ఇది నేను పక్కన ఉన్నప్పుడే చేద్దాం. మన జిల్లాకి అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. అమ్మమ్మగారి ఇంటి రేకులు లేచిపోయి, ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయి. మావయ్య టెన్త్ సర్టిఫికెట్టు, భూమి పాసుపుస్తకం ముద్దయిపోతే అమ్మమ్మ ఒక్కో కాగితం విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టింది. చెట్లు పోయినందుకు ఎంత ఏడ్చిందో దీనికీ అంతే ఏడ్చింది. అందుకే ఆధార్, రేషన్ కార్డు, మీ ఇద్దరి సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు అన్నీ జిప్పున్న మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పై అరలో ఒకే చోట ఉంచుదాం. పక్కనే టార్చి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె. కరెంటు పోయినా చీకట్లో తమ్ముడి చేతికి అందాలి.

తమ్ముడూ నీతో సమానంగా పని చేస్తాడు. ఇది ఆడపిల్ల పని అని ఎవరైనా అంటే నువ్వేం బదులు చెప్పకు, నేను మాట్లాడతాను.

ఇక నువ్వు అడిగిన ఊలు అల్లిక. అలమర కింద అరలో నా పాత ఊలు ఉండలు చిక్కుపడి ఉన్నాయి. వాటిని గట్టిగా లాగకు. లాగితే ముడి బిగుసుకుంటుంది. వదులు చేసుకుంటూ వెళ్తే అదే విడుతుంది. కత్తెర ఆఖర్న. నాలుగు మిల్లీమీటర్ల క్రోషే సూది నా కుట్టుమిషను సొరుగులో ఉంది, కొత్తలో చేతికి అదే అనువు. 20 గొలుసు కుట్లు వేసి ఒక చిన్న ముక్క అల్లు. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టుకో. కొత్తలో చివరి కుట్టు కంటికి ఆనదు. అది వదిలేసుకుంటూ పోతే చదరంగా మొదలైన ముక్క పైకి వెళ్లేకొద్దీ సన్నబడిపోతుంది. ఆ చివరి కుట్టుకి గుర్తుగా ఒక పిన్నీసు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

మామ్మకి మసిగుడ్డ అల్లుతానన్నావు. అది మాత్రం నూలు దారంతోనే అల్లాలి. షాపుల్లో చవగ్గా దొరికే ఊలు చాలావరకు యాక్రిలిక్. వేడి గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. యాక్రిలిక్‌తో ఆవిడ మోకాళ్లకి తొడుగులు అల్లు, చలికాలానికి పనికొస్తాయి. నీకు పొట్టయిపోయిన నీలం స్వెట్టర్ తీసుకురా. విప్పి, చిలపలుగా, అంటే పొడుగాటి చుట్టలుగా చుట్టి, తడిపి ఆరేస్తే మెలికలు చాలావరకు పోతాయి.

ఒక రోజు ఖద్దరు నేసే పొందూరు వెళ్దాం. దారం కొనడమే కాదు, పుట్టడం కూడా చూడాలి నువ్వు. అక్కడ ఆడవాళ్లు గింజ తియ్యని పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లకి నలకలు పోయి పోగులు వరసలోకి వస్తాయి. తరవాత గింజ తీసి, ఏకి, ఏకులు (వడకడానికి దూదిని చుట్టిన సన్నటి చుట్టలు) చుట్టి, ఎండిన అరటి డొప్పలో దాచుకుని రాట్నం మీద వడుకుతారు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం అన్నమాట, వాళ్లు 100 కౌంటు చేత్తో తీస్తారు. ఆ చేతుల్ని నువ్వు దగ్గరగా చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. పని ఆపించి ఫొటోలు అడగొద్దు, పక్కన కూర్చుని చూద్దాం.

మామ్మ కూడా వస్తానంటోంది, అందుకని ఎండెక్కకముందే బస్సు ఎక్కాలి. సెలవులు ఏ రోజు ఇస్తారో తెలియగానే ఫోన్ చెయ్యి, నేను డ్యూటీ మార్చుకోవాలి.

అమ్మ