మద్యం లైసెన్సులో వీధివాసుల మాట వినాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లాండులో మద్యశాలకు లైసెన్సు తప్పనిసరి చేసిన చట్టం 1552 నాటిది. మేజిస్ట్రేట్ల చేతిలో ఉండే ఆ అధికారం 2003 చట్టంతో స్థానిక కౌన్సిళ్లకు మారింది. చుట్టుపక్కల నివాసులు సహేతుకమైన అభ్యంతరం రాసిస్తే కౌన్సిల్ విచారణ జరపాలి. మన రాష్ట్రంలో దూబగుంట మహిళలు 1992లో రగిలించిన సారా వ్యతిరేక ఉద్యమం 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లినా, 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. 2019లో దుకాణాలను ప్రభుత్వమే చేపట్టింది, 2024లో లాటరీ తీసి మళ్లీ ప్రైవేటుకు అప్పగించింది. అమ్మేవారు మారుతూ వచ్చారు గానీ, నగరాల్లో దుకాణం పక్కన కాపురముండేవారి మాటకు మాత్రం చోటు దొరకలేదు, నన్ను అన్నిటికంటే బాధిస్తున్నది ఇదే.

విజయవాడలో మా వీధి మలుపున ఉన్న దుకాణం ముందు చీకటి పడేసరికి ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు మురుగుకాలువలో పేరుకుంటాయి. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు రోడ్డు దాటి అవతలి పక్కగా నడుస్తున్నారు. గుడికీ బడికీ వంద మీటర్ల దూరం చూసే నిబంధన ఇళ్ల ఊసెత్తదు. లైసెన్సు ఖరారుకు ముందే వార్డు సచివాలయంలో నోటీసు అంటించి, అభ్యంతరాలను బహిరంగంగా విని, కారణాలు రాసి మరీ నిర్ణయం ప్రకటించేలా నిబంధనలను సవరించాలని ఎక్సైజ్ శాఖను కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, విజయవాడ