మూడో చెరువు పేజీ

బుజ్జీ,

నిన్న ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నీ థీసిస్ సంగతి చెబుతూ నువ్వు మామూలుగానే అన్నావు, "రెండు చెరువుల నత్తలూ అనుకున్నట్టే వచ్చాయమ్మా, మూడోదే తేడా కొడుతోంది, అది తీసేస్తే లెక్క సాఫీగా వస్తుంది" అని. అప్పుడు నాకు మాట రాలేదు. ఫోన్లో చెబితే క్లాసు పీకినట్టు ఉంటుందని ఇలా రాస్తున్నా, తీరిక చూసుకుని చదువు.

ఈ మధ్య నేను డార్విన్ నోటుబుక్కుల గురించే చదువుతున్నాను. ఇన్నేళ్లూ పదో తరగతి పిల్లలకి డార్విన్ అంటే తెల్ల గడ్డం బొమ్మ, ప్రకృతి వరణం మీద ఒక ప్రశ్న, అంతవరకే చెప్పాను. 1837 జులైలో ఆ చిన్న తోలు అట్ట పుస్తకం తెరిచేనాటికి ఆయనకి 28 ఏళ్లు, నీ వయసే. బీగిల్ ఓడ దిగి ఏడాది కూడా కాలేదు. మొదట్లోనే జూనోమియా అని రాసుకున్నాడు. అది వాళ్ల తాతగారు రాసిన పుస్తకం పేరు. తాతగారు ఆపిన చోట మనవడు అందుకున్నట్టు అనిపించి నాకు ఒళ్లు పులకరించింది.

అందులో 36వ పేజీ ఒక్కసారి చూడు, నెట్లో దొరుకుతుంది. పైన "ఐ థింక్" అని రెండే మాటలు. దాని కింద ఒక గీతల చెట్టు, అందంగా కూడా ఉండదు, ఎండిన ముళ్లకంప గీసినట్టు. మొదట్లో 1 అని అంకె, అక్కణ్ణుంచి చీలుతూ పోయే కొమ్మలు. కొన్ని కొమ్మల చివర చిన్న అడ్డగీత ఉంటుంది, అవి బతికున్న జాతులు. అడ్డగీత లేనివి అంతరించిపోయినవి. కొమ్మల చివర ఏ, బీ, సీ అని గుర్తులు పెట్టి, ఏకీ బీకీ మధ్య బోలెడంత ఎడం, బీకీ సీకీ మధ్య మాత్రం చాలా కొద్ది తేడా అని రాసుకున్నాడు. ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ఇన్ని జాతులు ఉండాలంటే కొన్ని పోయి తీరాలి అని కూడా. ఏ గ్రంథమైనా "ఇది ఇంతే" అని మొదలవుతుంది, ఆయన మాత్రం "నాకేమనిపిస్తోందంటే" అని మొదలుపెట్టాడు. ఆ మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

అంతటి మనిషీ రాసుకోక ఇబ్బంది పడ్డాడు, తెలుసా. ఆ బీగిల్ ప్రయాణంలోనే గలపగోస్ దీవుల్లో ఫించ్ అనే చిన్న పిట్టల్ని పట్టాడు కానీ ఏది ఏ దీవిలో దొరికిందో చాలావాటికి చీటీ కట్టలేదు. తాబేలును చూసి ఏ దీవిదో చెప్పగలనని అక్కడి అధికారి ఒకాయన అంటే, ఆ మాట కూడా అప్పుడు అంతగా పట్టించుకోలేదు. 1837 జనవరిలో లండన్‌లో జాన్ గౌల్డ్ అనే పక్షుల నిపుణుడు చూసి, మీరు వేర్వేరు కుటుంబాల పక్షులనుకున్నవన్నీ ఫించ్‌లేనండీ అని తేల్చాక, దీవుల పేర్ల కోసం కెప్టెన్ దగ్గరా, ఓడలో తనతో వచ్చిన మిగతావాళ్ల దగ్గరా ఉన్న పిట్టల్ని వెతుక్కోవాల్సి వచ్చింది.

పెద్దయ్యాక రాసుకున్న ఆత్మకథలో తన నియమం ఒకటి చెప్పాడు. తను అనుకున్నదానికి అడ్డం వచ్చే విషయం ఏది కనబడినా, చదివినా, చివరికి మనసుకి తట్టినా, అప్పటికప్పుడు తప్పకుండా రాసుకునేవాడట. ఎందుకంటే అనుకూలంగా ఉన్నవాటికంటే అలాంటివే తొందరగా మనసులోంచి జారిపోతాయని ఆయనకి అనుభవంలో తెలిసింది. బుజ్జీ, నేను ఈ ఉత్తరం మొదలుపెట్టింది ఈ ఒక్క మాట కోసమే.

ఆయన చదివే తీరు కూడా నాకు భలే నచ్చింది. పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ పోయి, చివర్లో పేజీ నంబర్ల జాబితా వేసుకునేవాడు. పట్టుకోవడానికి బరువైన పుస్తకమైతే మధ్యకి చింపి రెండు చేసుకునేవాడట! కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని, నాకు గుండె జల్లుమంది. తన పనికి వేరుగా కనిపించే పుస్తకాల్నీ వదల్లేదు. 1838 సెప్టెంబరు 28న నోటుబుక్కులో రాసుకున్నది మాల్థస్ అనే ఆర్థికవేత్త జనాభా మీద రాసిన వ్యాసం గురించి. తిండికి మించి పుట్టుకొస్తున్న ప్రాణులన్నీ, మొద్దులోకి దిగగొట్టే లక్ష చీలల్లాగా, ప్రకృతిలో ఉన్న సందుల్లోకి తోసుకుంటూ వస్తాయని ఆ రోజు రాశాడు. ఆ రాత వెంటనే జాతుల పుట్టుక మీద పుస్తకమైపోలేదు, ఇంకో 21 ఏళ్లు పట్టింది, 1859 దాకా.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్తాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో 40 చేపలు కొలిచాను. ఆరింటి లెక్కలు మిగతావాటితో కలవలేదు. పొరపాటున కొలిచి ఉంటావులే, వదిలేయమన్నారు, నేనూ వదిలేశాను, ఆ కాగితం కూడా దాచుకోలేదు. మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ ఆరూ ఏ కాలవలో దొరికాయో, వాటి రెక్కలు ఎలా ఉన్నాయో ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకున్నా రావడం లేదు. అవి అసలు వేరే జాతి అయ్యుండొచ్చు అని నాకు తట్టేసరికి నువ్వు పుట్టి స్కూలుకి కూడా వెళ్తున్నావు. ఇన్నేళ్లయినా అది నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఆ మూడో చెరువు దగ్గరికి ఇంకోసారి వెళ్లు. పక్కన రొయ్యల చెరువుల నీళ్లు అందులోకి దిగుతున్నాయేమో, ఎండాకాలం పూర్తిగా ఎండిపోతుందేమో, ఊళ్లో పెద్దవాళ్లని అడుగు. అసలు ఆ నత్తే వేరేదేమో చూపించుకో. ఏమీ తేలకపోతే తేలలేదనే థీసిస్‌లో రాయి. గైడ్ గారితో మాట్లాడ్డానికి టెన్షన్ పడకు, లెక్కలు ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పు.

ఇంకో సంగతి. ఆ చెట్టు బొమ్మ ఉన్న పుస్తకం, దానితోపాటు ఇంకోటి, ఫొటోలకని బయటికి తీసిన తర్వాత కేంబ్రిడ్జి యూనివర్సిటీ లైబ్రరీలో కనబడకుండా పోయాయి. 2001 నుంచి ఇరవై ఏళ్లకు పైగా వెతికారు. 2022 మార్చిలో ఎవరో ఒక గులాబీరంగు సంచిలో పెట్టి, ఈస్టర్ శుభాకాంక్షలు రాసి, లైబ్రరీలోనే వదిలి వెళ్లారు. పేజీలన్నీ క్షేమంగా ఉన్నాయట. అది చదివి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ నోటుబుక్కు తెచ్చుకో. ఆ చెరువు పేజీ నేను నా కళ్లతో చూడాలి. వేళకి తిను.

అమ్మ